అలిజరిన్ వేసిన కాళహస్తి కలంకారీని ‘సహజ రంగు’ అని అమ్మొచ్చా?

తిరుపతి_చీరలు: ఎరుపుకు చిరువేరు, మంజిష్ఠ అనే మొక్కల వేర్ల బదులు ఫ్యాక్టరీ అలిజరిన్ పొడి వాడిన పెన్‌కలంకారీ చీరకు ‘సహజ రంగులు’ అని చీటీ అంటించొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

నగరి_అద్దకం: అంటించొచ్చనే నా మాట. చిరువేరులో ఎరుపునిచ్చేదే అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ దాన్నే ల్యాబులో తయారుచేసినారు. పనిలోనూ తేడా లేదు, పటిక ఉన్నచోటే పట్టుకుంటాది. వేరైతే కిలో గుడ్డకు అరకిలో పైనే కావాల, పొడైతే 10, 20 గ్రాములు చాలు. పైగా వేరు ఒక్కో మూటకు ఒక్కో ఛాయ. ఇరవై చీరల ఆర్డరుకు ఒకే ఎరుపు ఎట్ల తెస్తారు?

కలం_కాళహస్తి: అన్నా, చిరువేరు వరకు నిజమే. మంజిష్ఠ అట్ల కాదు. దాంట్లో ఎక్కువుండేది పర్‌ప్యూరిన్, మంజిస్టిన్ అనే వేరే రంగు పదార్థాలు. అందుకే ఆ ఎరుపులో కొంచెం నారింజ ఛాయ ఉంటాది. అలిజరిన్ ఒక్కటే వేస్తే ఊదా వైపు లాగుతాది.

ఛాయ మారేదానికి వేరునే అనద్దు. చన్నీళ్లలో గుడ్డ వేసి, గంట పైన మెల్లగా వేడెక్కించాల. కుతకుత ఉడికిస్తే వేరులోని గోధుమరంగు కూడా దిగి ఎరుపు మసకబారతాది. ఇనుప గంగాళమైతే ఇంకా చెడు, రాగిదే వాడాల. బోరు నీళ్లలో ఇనుమున్నా అంతే.

ఇంకో తప్పు పొడికైనా వేరుకైనా ఒకటే. పటిక గీసి ఆరినాక గుడ్డను పారే నీళ్లలో పరిచి కడగాల. తొట్టిలో ముంచితే గుడ్డకు పట్టని పటిక పక్కనున్న తెలుపుకు అంటుకుంటాది. ఉడికినాక చూస్తే బొమ్మ చుట్టూ గులాబీ మరకలు! పేడనీళ్లలో నానబెట్టి ఎండేసినా అవి పూర్తిగా పోవు. స్వర్ణముఖి నది ఎండిన నెలల్లో ఈ కష్టం ఎక్కువ.

స్వర్ణముఖి: ఇద్దరూ ఎరుపు దగ్గరే ఆగారు. నా బాధంతా నలుపు గురించి. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో రెండు మూడు వారాలు పులిస్తే వచ్చే నీళ్లే కసిం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద దాంతో గీస్తే మొదట బూడిదరంగుగా కనిపించి, చూస్తుండగానే నల్లబడుతుంది. పాలు తక్కువైతే గీత పాకుతుంది. కసిం మరీ ఘాటైతే కొన్నేళ్లకు గీత వెంబడే గుడ్డ చిరుగుతుంది. ఇంత పని ఉన్న చోట పిగ్మెంట్ (జిగురుతో అతికే రంగు) నలుపు గీసి కలంకారీ అంటే ఒప్పుకోలేను. కనపడని అంచున నిమ్మరసం చుక్క వేయండి. కసిం నలుపు వెలుస్తుంది, పిగ్మెంట్ కదలదు.

తిరుపతి_చీరలు: ఎరుపుకు అట్లాంటి పరీక్ష లేదా?

నగరి_అద్దకం: చుక్కతో తేలేది కాదండీ. ల్యాబులో క్రొమాటోగ్రఫీ (రంగులోని పదార్థాలను విడదీసి చూసే పరీక్ష) చేయిస్తే పర్‌ప్యూరిన్ ఉందో లేదో తెలుస్తాది. లేకపోతే మంజిష్ఠ కాదు. ‘సహజ’ అనే మాట మీద నేను కొంత తగ్గుతా. కానీ అలిజరిన్‌నూ పిగ్మెంట్‌నూ ఒకే గాట కట్టద్దండి. ఒకటి పటికతో కలిసి దారంలోపల కుదురుకుంటాది, ఇంకోటి జిగురుతో పైన అతుక్కుంటాది.

కలం_కాళహస్తి: అది ఒప్పుకుంటా. అట్లయితే చీటీ మీద ఒక్క మాట కాదు, రంగు రంగుకూ రాయండి: నలుపు కసిం, ఎరుపు అలిజరిన్, పసుపు కరక్కాయ పువ్వు. దాచిపెట్టి మంజిష్ఠ ధరకు అమ్మితే మోసమే. నీలం దగ్గర ఇంకా జాగ్రత్త. బజారులో నీలిమందు అని దొరికేది ఎక్కువగా ఫ్యాక్టరీదే, కాబట్టి చెట్టుదా కాదా అని అడిగి రాయాల.