తీసేసేలోపే రిజైన్ చేస్తే టెక్సాస్ నర్సింగ్ లైసెన్స్ నిలుస్తుందా?

గోదారి_ఆర్‌ఎన్: మార్ఫిన్ లెక్క తేలలేదని, పక్కదారి పట్టించారని ఆరోపించి సస్పెండ్ చేశారనుకోండి. డాలస్ గ్రూపుల్లో చాలామంది "పేపర్ పడేసి బయటికొచ్చెయ్" అంటున్నారు. నాకూ అదే మేలనిపిస్తోంది. ఫైల్లో "టర్మినేటెడ్" అని పడదు కదా.

నైట్‌డ్యూటీ: పడకపోవచ్చు, కానీ బోర్డుకి రిపోర్టు ఆగదండీ. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ చూసేది లైసెన్స్‌ని, ఉద్యోగాన్ని కాదు. ఈబీ-3 (ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డ్ కేటగిరీ) మీద ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లయితే ముందు కాంట్రాక్ట్ చదువుకోవాలి. మధ్యలో వెళ్తే డబ్బు కట్టమనే షరతు ఉండొచ్చు.

అసలు గొడవ టైములదే. డాక్టర్ ఆర్డర్ 2 మి.గ్రా. అనుకోండి, పిక్సిస్ (వార్డులో మందులు లెక్కపెట్టి ఇచ్చే మెషీన్) నుంచి తీసింది 4 మి.గ్రా. వయల్. మిగిలిన 2 మి.గ్రా. ఎవరి ఎదుట, ఎన్నింటికి వేస్ట్ చేశారు (పారబోశారు)? మెషీన్ టైము, చార్ట్ టైము, సాక్షి సంతకం మూడూ కలవాలి. కలవలేదని ఇప్పుడు చార్ట్‌లో ఎంట్రీ పెడితే కొంప మునుగుతుంది, ఆడిట్ ట్రెయిల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కంప్యూటర్ దాచే రికార్డులో) నిమిషంతో సహా కనబడుతుంది. జరిగింది అదే రోజు ఇంట్లో కాగితం మీద రాసి లాయర్‌కి మాత్రమే ఇవ్వండి. పేషెంట్ పేరు రాయొద్దు, స్క్రీన్ ఫొటో అసలే వద్దు. హిపా (పేషెంట్ వివరాల గోప్యత చట్టం) కింద అదింకో కేసు.

గోదారి_ఆర్‌ఎన్: సరే, లైసెన్స్ సరెండర్ చేసి వేరే స్టేట్‌కి వెళ్లిపోతే?

భాగ్యనగర్_ఐసీయూ: అంతకంటే తప్పుడు సలహా లేదు. విచారణ నడుస్తుండగా సరెండర్ చేస్తే శిక్ష కిందే లెక్క. నర్సిస్‌లో (నర్సుల లైసెన్సులు చూసుకునే వెబ్‌సైట్‌లో) కనబడుతుంది, వైద్యసిబ్బంది మీద చర్యల్ని నమోదు చేసే నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్‌కీ వెళ్తుంది. కాంపాక్ట్ లైసెన్స్ (ఒప్పందంలో ఉన్న స్టేట్లన్నిటికీ ఒకటే చెల్లేది) అయితే మిగతా స్టేట్లలో పనిచేసే వీలూ పోతుంది. ఇల్లు మారినా పాత స్టేట్ విచారణ పూర్తిచేయగలదు.

అయితే రిజైన్ ఎప్పుడూ తప్పని నేననను. లైసెన్స్ డిఫెన్స్ లాయర్ చూశాక, ఏ మాటలతో వెళ్తున్నారో రాతలో తేల్చుకుని వెళ్తే ఇబ్బంది లేదు. హెచ్ఆర్ గదిలో కంగారులో సంతకం పెట్టడమే ముప్పు.

నైట్‌డ్యూటీ: లాయర్ ఖర్చుకి హాస్పిటల్ ఇన్సూరెన్స్‌ని నమ్ముకోకండి, అది హాస్పిటల్‌ని కాపాడుకోడానికి. సొంత పాలసీలో లైసెన్స్ డిఫెన్స్ ఉండాలి, అదీ ఘటనకి ముందే కొని ఉండాలి. ఇంకోటి, బోర్డు దగ్గర అడ్రస్ సరిచూసుకోండి. ఉత్తరం పాత ఇంటికి వెళ్లి ఫార్మల్ చార్జెస్‌కి (బోర్డు రాతలో మోపే అభియోగాలకి) మీ జవాబు రాకపోతే డిఫాల్ట్ కింద లైసెన్స్ తీసేయొచ్చు.