మూసీ పూడికతీతకు ముందు జీవజాల సర్వే: ఒక్క సీజన్ సరిపోతుందా?

నదీహితుడు:
మూసీలో యంత్రాలు దిగేముందు అక్కడి జీవాలను ఏడాది పొడవునా లెక్కించాలని ఈ చర్చావేదికలో కొందరు సభ్యులు కోరుతున్నారు. నగరంలో ఈ నదిలో పారేది ప్రధానంగా మురుగునీరే. శుద్ధి కేంద్రాలు, పూడికతీత పూర్తయితే పక్షులూ చేపలూ వాటంతట అవే తిరిగి వస్తాయి కాబట్టి, ఏడాది జాప్యం భారాన్ని దిగువన ఆ నీటితోనే సాగు చేసే రైతుల మీద మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం.

గట్టుపిట్ట:
శుద్ధి కేంద్రాలను ఆపమని ఎవరూ అనడం లేదండి. సర్వే సాగుతుండగానే వాటిని కట్టుకోవచ్చు. వివాదమంతా నదీగర్భంలోనూ గట్ల మీదా జరిగే పని గురించే. లకుముకి పిట్టలు, పసిరిక పిట్టలు నిటారుగా ఉన్న మట్టిగట్టులో మూరకు మించిన లోతున బొరియ తవ్వుకుని, ఎక్కువగా ఎండాకాలంలోనే గుడ్లు పెడతాయి. వానలు పడ్డాక నదిలో యంత్రం నిలవదు కనుక కాంట్రాక్టరుకు అనువైన నెలలూ అవే. డిసెంబరులో వచ్చిన సర్వే బృందానికి ఆ బొరియలు ఉత్త కన్నాలుగానే కనిపిస్తాయి, నివేదికలో చోటు దక్కదు. ఆపై గట్టును ఏటవాలుగా చెక్కి రాళ్లు పరిచేస్తే, నీరు ఎంత తేటపడినా ఆ పిట్టలకు గూడు పెట్టే చోటే మిగలదు. జమ్ములో గూడు కట్టే నీలి బొల్లికోళ్ల సంగతి ఇందుకు భిన్నం, వాటికి వానాకాలమే పిల్లల కాలం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా విధానంలో చాలా ప్రాజెక్టులకు వర్షాకాలం మినహా ఒక్క సీజన్ వివరాలతో సరిపెడుతున్నారు. మూసీకి ఆ కొలత చాలదు.

మాజీ ఇంజినీరు:
హైదరాబాద్‌లోనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ వారి లాకోన్స్ అనే, అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల ఉంది. నీటి నమూనాలోని డీఎన్ఏ ఆధారంగా అక్కడ ఏయే జీవాలున్నాయో గుర్తించే పద్ధతిపై వారు పనిచేశారు. ఏడాది ఎదురుచూపు లేకుండా ఆ దారిన వెళ్లవచ్చు కదా?

గట్టుపిట్ట:
చేపల జాబితాకు అది చక్కని సాధనమే. అయితే మూసీ నీటిలో మన వంటిళ్ల కోడి, మేక డీఎన్ఏ కూడా కలిసే ఉంటుంది. పైగా ఏ జీవి ఉందో చెప్పగలదే గాని, ఏ గట్టున ఎన్ని బొరియల్లో గుడ్లున్నాయో చెప్పలేదు. అది కాలినడకన చూడవలసినదే.

నదీహితుడు:
గట్ల వరకు మీ వాదన ఒప్పుకుంటాను. మరి ఎండాకాలం, వానాకాలం వదిలేసి పూడిక అక్టోబరు నుంచి జనవరి లోపే తీయాలంటే, వలస పక్షులు వచ్చేదీ అప్పుడే కదా?

గట్టుపిట్ట:
నిజమే. నది మొత్తం మీద ఒకేసారి పని పెట్టకుండా ఒక భాగంలో తవ్వుతూ పక్క భాగాన్ని కదపకుండా ఉంచితే, అవి అటు జరుగుతాయి. గుడ్లున్న బొరియ జరగలేదు. ఏ భాగాన్ని ముందు ముట్టుకోవాలో తేల్చడానికే మూడు కాలాల సర్వే అడుగుతున్నాను.