పని విదేశాలకు పోతే కార్మికుడికి సర్కారు ప్రత్యేక సాయం ఇవ్వాలా?

చంద్రపూర్ కుర్రాడు:
అమెరికాలో కంపెనీలు ప్లాంట్లను మెక్సికోకో చైనాకో తరలించినప్పుడు ఉద్యోగం పోయినవాళ్ల కోసం 1962 నుంచి ఒక పథకం ఉండేది. వారం వారం భత్యం ఇచ్చేవారు, కొత్త పని నేర్పించేవారు. మనకూ అలాంటిది కావాలని నా అభిప్రాయం. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మన వాణిజ్య ఒప్పందం వల్ల 2014 నుంచి ఇండోనేషియా లాంటి దేశాల కాగితం సుంకం లేకుండా దిగుతోంది. బల్లార్పూర్, కాగజ్‌నగర్‌ల బతుకంతా కాగితం మిల్లుల మీదే కదా. ఏమంటారు?

రాజురా పత్తి రైతు:
నేను ఒప్పుకోను తమ్ముడూ. 2025 ఆగస్టులో పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం తీసేశారు, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు ఆఖరు దాకా పొడిగించారు. మాకెవరూ వారం భత్యం ఇస్తామనలేదు. ఫ్యాక్టరీ వాళ్లకు పీఎఫ్, గ్రాట్యుటీ ఉంటాయి. వాటి మీద మళ్లీ ఇంకోటా?

బల్లార్పూర్ వాసి:
రాజురా అన్నా, రైతుకు అన్యాయం జరిగింది, కాదనను. అయితే కార్మికుడికీ జరగనివ్వాలా?

చంద్రపూర్ తమ్ముడికి కూడా ఒక మాట. సాయం తప్పకుండా ఉండాలి. ‘విదేశాల వల్లే పని పోయింది’ అనే షరతు మాత్రం వద్దు. అమెరికాలో కనీసం ముగ్గురు కార్మికులో, యూనియనో అర్జీ పెట్టాలి. దిగుమతుల వల్లనో, పని బయటికి తరలించడం వల్లనో ఉద్యోగాలు పోయాయని అక్కడి లేబర్ శాఖ విచారించి తేల్చాలి. అప్పటిదాకా మనిషి ఎదురుచూడాల్సిందే. అదీ ఇప్పుడు లేదు, పథకం గడువు పొడిగించకపోవడంతో 2022 జులై నుంచి కొత్త అర్జీలకు మంజూరు ఆగిపోయింది.

కాగజ్‌నగర్‌నే చూడండి. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది, 2018లో జేకే పేపర్ చేతికొచ్చింది. మధ్యలో ఆ కుటుంబాలు ఏం తిన్నాయి? మిల్లు అప్పుల వల్ల ఆగిందా, ముడిసరుకు వల్లనా, బయటి కాగితం వల్లనా అని కమిటీ వేసి తేల్చేలోపు పిల్లల చదువులు ఆగిపోతాయి. కారణం ఏదైనా కిరాణా కొట్లో బాకీ ఒకటే.

మన దగ్గర అసలేమీ లేదనడం కూడా సరికాదు. ఫ్యాక్టరీ మూతపడితే కార్మికుల బీమా పథకం ఈఎస్ఐలో 2005 నాటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద 24 నెలల వరకు వస్తుంది, మొదటి ఏడాది కూలిలో సగం, తర్వాత పావు. ఉద్యోగం పోయినవాళ్లకు 2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఇచ్చేది 90 రోజులకే, అదీ జీవితంలో ఒక్కసారే. కానీ ఈఎస్ఐకి జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. అంతకు మించి జీతమున్న పాత పర్మనెంటు మనిషి బయటే. కాంట్రాక్టర్ చందా కట్టకపోతే కూలీకీ చేతికొచ్చేది కష్టమే. ఇక మిగిలిందెవరు?

మా పక్కింటాయన ఒక మిల్లు ఫినిషింగ్ విభాగంలో రీములు కట్టేవాడు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పాత గేట్ పాసు తీసుకుని కొత్తది చేతిలో పెట్టేవారు. గేటు అదే, టేబులు అదే, చేసే పనీ అదే. కాగితం మీద మాత్రం సర్వీసు మళ్లీ మొదటి రోజు నుంచి. పని నుంచి తీసేస్తే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆయనకు లెక్కేసింది చివరి కాంట్రాక్టర్ దగ్గర చేసిన కాలానికే. ఎవరిని అడగాలో తెలియక లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగి మానేశాడు.

2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, తీసేసిన కార్మికుడికి కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన రీస్కిల్లింగ్ ఫండ్ నుంచి 15 రోజుల జీతం ఇవ్వాలని రాశారు. 15 రోజుల జీతంతో ఏ కొత్త పని నేర్చుకుంటాడు? అదే కోడ్, ఫ్యాక్టరీ మూసేముందు సర్కారు అనుమతి తీసుకోవాల్సిన పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచేసింది.

రాజురా పత్తి రైతు:
కాంట్రాక్టు వాళ్ల సంగతి ఒప్పుకుంటా. మా ఊరి పిల్లలూ ఉన్నారు అందులో. కానీ డబ్బు యజమాని దగ్గర వసూలు చేయాలి. లాభం తిన్నది ఆయనే కదా.

బల్లార్పూర్ వాసి:
నేనూ అదే అంటున్నా అన్నా. కాకపోతే మూతపడే నాటికి యజమాని దగ్గర మిగిలేవి బ్యాంకు బాకీలే. అందుకే మిల్లు నడుస్తున్నప్పుడే నెలనెలా కట్టించాలి, కాంట్రాక్టర్ మీద వదిలేయకుండా అసలు మిల్లు యజమాని చేతనే. గేటులోకి వచ్చిన ప్రతి మనిషి పేరూ, చేరిన తేదీతో సహా, కాంట్రాక్టర్ మారినా చెరగకుండా మిల్లు రికార్డులో ఉండాలి.

అమెరికా పథకంలో మనం తీసుకోదగ్గది ఒకటుంది. యాభై దాటినవాళ్లు తక్కువ జీతానికి కొత్త పనిలో చేరితే, పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం రెండేళ్ల వరకు ఇచ్చేవారు, గరిష్ఠంగా 10,000 డాలర్లు. ఆ వయసు మనిషిని ఐటీఐ బెంచీ మీద కూర్చోబెట్టడం కంటే ఇది ఎంతో నయం. మనవాళ్లు మిల్లు పోయాక ఏటీఎం దగ్గర సెక్యూరిటీ పనికి పోతున్నారు. తేడాలో సగం వచ్చినా ఇంటి అద్దె గడుస్తుంది.