జపాన్‌ల రోప్‌వే మీద కొండ చూడాలంటే ఏ సెలవులకు ఏ కొండ?

ప్రశ్న – పానగల్లు బాట (నల్లగొండ)

తమ్ముడు నాగోయాల ఉంటడు. అమ్మ, నేను, ఆరో తరగతి బాబు, ముగ్గురం పోదామనుకుంటున్నం. అమ్మకు 66 ఏండ్లు, మోకాళ్ల నొప్పులున్నయి, బీపీ గోలీ వేసుకుంటది. బాబు బడిని బట్టి మూడే వీలున్నయి: ఎండకాలం సెలవులు, దసరా, సంక్రాంతి. అమ్మ నడిచి కొండ ఎక్కలేదు కాబట్టి రోప్‌వే ఉన్న కొండే కావాలె. ఒకచోట కేబుల్ కార్ అంటరు, ఇంకోచోట రోప్‌వే అంటరు. రెండూ ఒకటేనా? శ్రీశైలం పాతాళగంగ రోప్‌వే తప్ప మాకు వేరేది తెల్వదు. ఏ సెలవుకు ఏది మంచిగుంటది, ఏం జాగ్రత్తలు పడాలె, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు – పాలమూరు గుట్టలు (మహబూబ్‌నగర్)

ముందుగాల పేర్ల సంగతి తేల్చుకోవాలె. జపాన్‌ల 'కేబుల్ కార్' అంటే పట్టాల మీద పోయేది. వాలుకు తగ్గట్టు మెట్లు మెట్లుగ కట్టిన డబ్బా, దాన్ని ఇనుప తాడు పైకి గుంజుతది. గాలిల వేలాడుకుంట పోయేది 'రోప్‌వే'. టోక్యో దగ్గరి తకావో కొండకు ఉన్నది కేబుల్ కార్. ఒకచోట దాని వాలు 31 డిగ్రీలు దాటుతది, ఆ దేశంల అంత నిటారుగ ఎక్కే కేబుల్ కార్ ఇంకోటి లేదు. కానీ అది అడవిల నుంచి పోతది, పాతాళగంగ లెక్క కింద లోయ కనవడది. మీరు అనుకునేది రోప్‌వే.

ఇగ ఎత్తు లెక్క. ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీల చల్లదనం పెరుగుతది. తకయామా ఊరు సుమారు 570 మీటర్ల ఎత్తుల ఉంటది, ఆ దిక్కున్న షిన్‌హోతకా రోప్‌వే పై స్టేషన్ 2,156 మీటర్లు. అంటే ఊర్ల 15 డిగ్రీలుంటే పైన ఐదారు. దానికి గాలి తోడైతే, సెకనుకు మీటరు గాలికి ఒక డిగ్రీ చలి ఎక్కువ తగిలినట్టు లెక్క పెట్టుకోండి. మన దగ్గర ఋతువు మారాలంటే నెలలు పట్టాలె, అక్కడ రోప్‌వేల ఏడు నిమిషాల్ల మారుతది. అందుకే సెలవు ఎప్పుడో చూసుకొని, దానికి సరిపడే ఎత్తును ఎంచుకోవాలె. కొండ పేరు తర్వాత సంగతి.

ఎండకాలం సెలవులకైతే నా మాట ఒక్కటే, తొయామా దిక్కున్న తతెయామా కొండ తొవ్వ. నల్లగొండల 44 డిగ్రీలు కొడుతున్నప్పుడు అక్కడ మురోదో అనే చోట (2,450 మీటర్లు) రోడ్డుకు రెండు దిక్కుల మంచు గోడలుంటయి. చలికాలమంతా కురిసిన మంచును యంత్రాలతో కోసి బస్సులకు తొవ్వ చేస్తరు, ఆ కోసిన అంచే గోడ. మంచు బాగ పడ్డ ఏడాది 20 మీటర్ల దాక పోతది, కొన్ని ఏండ్లు దానికంటే చాన తక్కువ. దాంట్ల సుమారు అర కిలోమీటరు మనుషులను నడవనిస్తరు. తారు రోడ్డు మీది నడకే కాబట్టి మోకాళ్ల నొప్పులున్నోళ్లు కూడ మెల్లగ పోవచ్చు. తొవ్వ ఏప్రిల్ నడిమిల తెరుస్తరు, నవంబర్ 30న మూస్తరు. గోడ రోజురోజుకు కరుగుతది కాబట్టి జూన్ దాక ఆగకుండ ఏప్రిల్ చివర్లనో, మే నడిమిలనో పోండి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాక మాత్రం వద్దు. అది జపాన్ వాళ్ల వరుస సెలవుల వారం, రైళ్లు, హోటళ్లు, టికెట్లు అన్నీ నిండిపోతయి.

ఆ తొవ్వల రెండు కేబుల్ కార్లు, ఒక రోప్‌వే ఉన్నయి. తొయామా దిక్కు నుంచి పోతే తతెయామా స్టేషన్ల కేబుల్ కార్ 7 నిమిషాలు, తర్వాత బస్సు 50 నిమిషాలు, మురోదో వస్తది. అక్కడినుంచి సొరంగంల కరెంటు బస్సు పది నిమిషాలు, దైకన్‌బో. ఆడ ఉన్నదే అసలు రోప్‌వే: 1.7 కిలోమీటర్ల పొడవు, నడుమ ఒక్క స్తంభం లేదు. హిమపాతం జారిపడి స్తంభాన్ని కొట్టుకుపోవద్దని, కొండ అందం చెడొద్దని అట్ల కట్టిన్రు. దాని తర్వాతి కేబుల్ కార్ మంచు తగలకుండ మొత్తం భూమి లోపలనే నడుస్తది. దిగితే కురోబే డ్యామ్. మన సాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు, ఇది 186. కాకపోతే ఇక్కడ నీళ్లు విడిచేది జూన్ చివర నుంచి అక్టోబర్ నడిమి దాకనే, మే నెలల పోతే ఆ నీళ్ల జోరు కనవడది.

అమ్మతోని ఒక దరి నుంచి ఇంకో దరికి దాటే ఆలోచన పెట్టుకోకండి. అన్ని వాహనాలు మారుకుంట, నడుమ డ్యామ్ మీద పదిహేను నిమిషాలు నడవాలె. తొయామాల ఒక రాత్రి ఉండి, పొద్దున్నే పోయి, మురోదో చూసి, ఓపిక ఉంటే దైకన్‌బో దాక పోయి రోప్‌వే ఎక్కి మళ్ల అదే తొవ్వల వెనక్కి రండి. తతెయామా స్టేషన్ నుంచి ఎక్కే కేబుల్ కార్‌కు టైముతో సహా ముందే నెట్‌ల టికెట్ తీసుకోవాలె. అప్పటికప్పుడు పోతే గంటలకొద్దీ కూచోవాలె.

జవాబు – దేవరకొండ కోట

పైన చెప్పినదంతా సరైనదే. దసరా సంగతి నేను చెప్త.

మన దసరా చంద్రుని లెక్కన ముందుకు వెనక్కు జరుగుతది. జపాన్ల ఆకులు ఎర్రబడేది మాత్రం సూర్యుని లెక్కనే, అదీ పైనుంచి కిందికి దిగుకుంట వస్తది. కాబట్టి పండుగ ఎప్పుడు పడ్డదో చూసి ఎత్తు మార్చుకోవాలె. 2025ల లెక్క అక్టోబర్ 2న వస్తే నాగనో దిక్కున్న కొమగతకె రోప్‌వే కరెక్టు. పై స్టేషన్ సెంజోజికి 2,612 మీటర్ల ఎత్తుల ఉంటది, జపాన్ల ఇంతకంటె ఎత్తుల ఉన్న రోప్‌వే స్టేషన్ లేదు. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్ల అక్కడి ఆకులు పండుతయి. స్టేషన్ తలుపు దాటంగనే ఎదురుంగ పాత హిమనదం తొలిచిన పెద్ద గిన్నెలాంటి లోయ, దాని వెనుక రాతి గోడ. ఒక్క అడుగు నడవకున్నా చూడొచ్చు, అందుకే అమ్మకు ఇది మంచిది.

అదే దసరా 2026ల లెక్క అక్టోబర్ 20న పడితే అక్కడ ఆకులు రాలిపోయి ఉంటయి, మొదటి మంచు కూడ పడి ఉండొచ్చు. అప్పుడు షిన్‌హోతకాకు పోండి. కింది స్టేషన్ 1,117 మీటర్లు, నడిమిది సుమారు 1,300, పైది 2,156. అక్టోబర్ నడిమి దాటినంక ఆ నడిమి ఎత్తుల బీచ్, బర్చ్ అనే రకాల చెట్లు పసుపు పచ్చగ నిండి ఉంటయి, బతుకమ్మల తంగేడు పూల రంగు అనుకోండి. అదృష్టముంటే పైన మంచు, నడుమ పసుపు, కింద పచ్చదనం ఒక్కరోజే చూడొచ్చు. ఈ రోప్‌వే రెండు దఫాలుగ ఎక్కాలె. రెండో దఫా డబ్బా రెండంతస్తులది, 121 మంది పడతరు. మొదటి దఫా దిగినంక రెండో దానికి కొద్దిగ నడిచి పోవాలె, ఎక్కువ దూరం కాదు. నాగోయా నుంచి హిదా రైలు రెండున్నర గంటల లోపల తకయామా చేరుస్తది, అక్కడినుంచి బస్సు గంటన్నర పైన. తకయామాల రెండు రాత్రులు పెట్టుకోండి, ఎందుకో కింద చెప్త.

ఈ రోప్‌వేలు ఎట్ల నడుస్తయో తెలిస్తే క్యూ సంగతి అర్థమైతది. కొమగతకె, షిన్‌హోతకా రెండూ బాయి మీద గిలకకు రెండు బొక్కెనలు కట్టినట్టు ఉంటయి, ఒకటి పైకి పోతుంటే ఇంకోటి దిగుతది. మధ్యల ఇంకో డబ్బా పెట్టే వీలు లేదు. కొమగతకెల డబ్బాకు 61 మంది, పోవుడు ఏడున్నర నిమిషాలు. ఎక్కుడు దిగుడు కలిపితే గంటకు ఆరేడు ట్రిప్పులు, అంటే 400 మంది. మీ ముందర ఎనిమిది వందల మంది ఉంటే రెండు గంటలు నిలబడుడే. ఆకుల కాలంల శని, ఆదివారాలు, జపాన్ల సెలవు దినాలు వదిలేయండి. ఇంకోటి, కొమగతకెల సొంత కార్లను రోప్‌వే కింది స్టేషన్ షిరబిదైరా దాక రానియ్యరు, ముందే సుగనొదై అనే చోట ఆపి బస్సెక్కాలె. మొదటి బస్సు దొరికితే సగం బాధ తప్పినట్టే.

నాగోయా దగ్గరి గోజైషో, టోక్యో దిక్కున్న హకోనే లాంటి రోప్‌వేలు వేరే రకం. చిన్న డబ్బాలు ఒకదాని వెనుక ఒకటి తిరుగుతనే ఉంటయి, క్యూ ఆగదు.

ఇగ రెండు రాత్రులు ఎందుకంటే, గాలి. స్తంభాల మీద గాలి కొలిచే యంత్రాలుంటయి, హద్దు దాటితే అప్పటికప్పుడు ఆపేస్తరు. డబ్బా తాడుకు వేలాడుతది కాబట్టి పక్క నుంచి గాలి కొడితే ఊగి స్తంభానికి తగిలే ప్రమాదం ఉంటది. ఊర్ల ఎండ కొడుతున్నా పైన గాలి ఉండొచ్చు. ఒక్క రోజే పెట్టుకుంటే ఆ ఒక్క రోజు పోయినట్టే. పొద్దున లేవంగనే రోప్‌వే వాళ్ల సైటుల లైవ్ కెమెరా చూడండి. పైన తెల్లటి తెర తప్ప ఏం కనవడకపోతే ఆ రోజు ఊరు చూసి మర్నాడు పోండి. 'ఉన్‌క్యూ' అని ప్రకటన వింటే బంద్ అని అర్థం. 'టెంకెన్' అంటే తనిఖీ, దానికోసం ఏడాదికి కొన్ని రోజులు పూర్తిగ మూస్తరు. ఆ తేదీలు సైటుల ముందే పెడతరు, విమాన టికెట్ కొనకముందే చూడాలె. పైన ఉన్నప్పుడు గాలి పెరుగుతుంది, దిగండి అని చెప్తే ఫొటోలు పక్కన పెట్టి వెంటనే స్టేషన్‌కు రావాలె.

పానగల్లు బాట (అడిగినవారు)

అన్నా, ఇద్దరికీ చాన థాంక్స్. సంక్రాంతి సంగతి ఎవ్వరూ చెప్పలే. అమ్మ చీర తప్ప కట్టదు, బీపీ ఉన్నోళ్లు అంత ఎత్తు పోవచ్చునా? మాంసం తినదు, తిండి ఎట్ల?

జవాబు – అమ్రాబాద్ గాలి

సంక్రాంతికి పోతే తతెయామా మూసి ఉంటది. యమగతా దిక్కు జావో, అవొమొరిల హక్కోద కొండల 'మంచు భూతాలు' (మంచు పట్టి భూతాల లెక్క కనవడే చెట్లు) పేరుపొందినయి, కానీ అవి పూర్తిగ నిండేది ఫిబ్రవరిల. సంక్రాంతికి సగమే తయారైతయి, పైగ నాగోయాకు చాన దూరం. ఆ వారం రోజులకు గోజైషో చాలు. నాగోయా నుంచి యొక్కాయిచి, అక్కడ రైలు మారి యునొయామా ఒన్సెన్, ఆ తర్వాత చిన్న బస్సు ప్రయాణం, ఒక్క రోజుల పోయి రావచ్చు. కొండ 1,212 మీటర్లు, రోప్‌వే పదిహేను నిమిషాలు. 61 మీటర్ల తెల్ల స్తంభం దూరం నుంచే కనవడతది. చలి బాగ ఉంటే పైన చెట్లకు మంచు పూత పడతది. సున్నా కన్న తక్కువ చల్లదనంల కూడ గడ్డకట్టని నీటి తుంపర్లు కొమ్మకు తగలంగనే గడ్డైతయి. ఆ పూత గాలి వచ్చే దిక్కుకు పెరుగుతది, బాబుకు చూపించండి, ఏ దిక్కు నుంచి గాలి వచ్చిందో చెప్తడు.

ఎత్తు సంగతి. 2,600 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంల ఉన్నదాంట్ల 73 శాతమే ఉంటది. నడిచి పోతే ఒళ్లు అలవాటు పడుతది, రోప్‌వేల ఆ వీలు లేదు. కాబట్టి దిగంగనే పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోపెట్టండి, నీళ్లు కొంచెం కొంచెం తాపండి, మెట్లు గబగబ ఎక్కనియ్యొద్దు. తలనొప్పి, వాంతి వచ్చినట్టయితే గోలీతోని సరిపెట్టకుండ వెంటనే కిందికి దింపాలె. బీపీ గోలీ ఆ రోజు కూడ మానొద్దు. పోయే ముందు డాక్టరుకు 2,600 మీటర్లు అని అంకె చెప్పి అడగండి, ఊరికే 'కొండ' అంటే ఆయనకు అర్థంకాదు. గోజైషో ఎత్తు తక్కువ, దాని గురించి భయం లేదు. హకోనేల 'ఒవకుదని' అనే చోట అగ్నిపర్వతం గంధకపు వాయువు ఉంటది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నోళ్లు అక్కడ దిగొద్దని వాళ్లే బోర్డు పెడతరు.

చీర పర్వాలేదు. లోపల థర్మల్ ప్యాంటు, పైన స్వెటర్, దాని మీద గాలి దూరని జాకెట్. కుచ్చిళ్లు రెండు అంగుళాలు పైకి కట్టాలె, లేకుంటే మంచుల తడిసి గడ్డకట్టి బరువైతయి. నూలు సాక్సులు వద్దు, తడిస్తే ఆరవు, ఉన్నివి వేయండి. చెప్పులతోని అసలు పోవద్దు. కింద గాడులున్న బూట్లు, మంచుల నడిచేటట్టయితే వాటికి తొడిగే ముళ్ల పట్టీ. మంకీ క్యాప్ మన దగ్గరి నుంచే తీస్కపోండి. మే నెలల మంచు గోడ దగ్గర నల్లద్దాలు తప్పనిసరి, తెల్ల మంచు మీద ఎండ కంట్ల కొడుతది.

తిండి: అక్కడి నూడుల్స్ రసంల చేప ఉడకేసిన నీళ్లు ఉంటయి, కూరగాయలే కనవడ్డా శాకాహారం కాదు. రేగ్గాయ లాంటి పుల్లటి ఉమెబోషి పెట్టిన అన్నం ముద్దలు మాత్రం చాన వరకు తినొచ్చు. పులిహోర కట్టకండి, చలికి అన్నం గట్టిపడతది. సర్వప్ప, చపాతి, సకినాలు మంచిగుంటయి. కానీ చికెన్, మటన్ పచ్చడి సీసాలు మాత్రం తమ్మునికి కూడ తీస్కపోవద్దు. మాంసంతో చేసినవేవీ జపాన్లకు రానియ్యరు, విమానాశ్రయంలనే పట్టుకుంటరు.

ఫోన్ చలికి తొందరగ చచ్చిపోతది. టికెట్ ఫోన్లనే ఉంటే చిక్కు. కాగితం మీద కూడ ప్రింటు తీసి పెట్టుకోండి, ఫోన్ లోపలి జేబుల ఒంటికి ఆనించి ఉంచండి. పెద్ద సూట్‌కేసులు కొండకు తీస్కపోకుండ హోటల్‌ల 'తక్యూబిన్' అని చెప్తే మీ తర్వాతి హోటల్‌కు పంపుతరు, చాన వరకు మర్నాటికి చేరుతది.

జవాబు – దేవరకొండ కోట

ఒక్కటి మర్చిపోయిన. పైకి చేరంగనే చివరి డబ్బా ఎన్ని గంటలకు దిగుతదో, కింద చివరి బస్సు ఎప్పుడో రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. డబ్బా దొరికి బస్సు పోవుడు ఎక్కువ జరుగుతది, చలికాలంల ఇంకా తొందరగ బంద్ చేస్తరు. ఎండకాలంల అయితే మధ్యాహ్నం ఉరుములు మొదలైతే రోప్‌వే ఆపుతరు. పది గంటల లోపల పైన ఉండేటట్టు చూసుకొని, ఒంటిగంటకు దిగుడు మొదలు పెట్టండి.