సోర్‌డో స్టార్టర్ రోజూ మిగిలిపోతుంది, ఏం చేస్తున్నారు?

విజయనగరం వంటిల్లు: నెల నుంచి గోధుమపిండితో స్టార్టర్ (బ్రెడ్ పొంగడానికి కలిపే పులిసిన పిండి) పెంచుతున్నా, ఈ ఎండలకి నాలుగు గంటలకే సీసా మూతదాకా పొంగిపోతుంది, రోజూ సగం తీసేసి కొత్త పిండి నీళ్లు కలపాలి కదా, ఆ తీసింది సింకులో పొయ్యాలంటే ప్రాణం ఒప్పట్లేదు. ఓవెన్ లేదు, పెనమే. ఏటి చెయ్యొచ్చు?

శ్రీకాకుళం అప్ప: పారబొయ్యకమ్మా, అట్లు పొయ్యి. కప్పు స్టార్టర్‌కి రెండు చెంచాల బియ్యప్పిండి, రెండు చెంచాల చోడిపిండి (రాగిపిండి), ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు, నీళ్లు పోసి జారుగా కలిపి పెనం బాగా కాలాక పల్చగా పోస్తే అంచులు ఎర్రగా కరకరలాడతాయి. పులుపెక్కువైతే పోసే ముందు చిటికెడు వంటసోడా వెయ్యి, ముందే వేసి ఉంచితే పొంగు పోతుంది. మా అమ్మమ్మ తరవాణి (పులిసిన గంజి) కుండ ఎప్పుడూ ఖాళీ చేసేది కాదు, ఇదీ అలాంటిదే నాకు.

బొబ్బిలి రొట్టెలు: నేను చపాతీపిండిలో కలిపేస్తా. పిండి, నీళ్లు సమాన తూకంతో పెంచితే 100 గ్రాముల్లో 50 పిండి, 50 నీళ్లు, ఆ లెక్కన నీళ్లు తగ్గించుకోండి. మిగిలింది డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేస్తా.

శ్రీకాకుళం అప్ప: ఒక్కటి, కొత్తగా మొదలెట్టిన మొదటి వారంది మాత్రం తినొద్దు. గులాబీ, నారింజ చారలు కనిపిస్తే మొత్తం పారెయ్యాలి.

విజయనగరం వంటిల్లు: అట్లు పోశానప్పా, అల్లం పచ్చడితో మా గుంటడు నాలుగు తిన్నాడు!