ఈ వారం సమస్య: "మింగునట్టి నోరె మింట వెలిగె" (ఆటవెలది)

విజయనగరం మేష్టారు: రాహువు, గ్రహణం ఈసారి వద్దు, అరసవల్లి స్వామి మీద ఇప్పటికే బోలెడు పద్యాలొచ్చాయి. గెలాక్సీ నడిబొడ్డున ఉండే పెద్ద కృష్ణబిలం మీదే రాయాలి. చూపుకు నక్షత్రంలా ఉండే 3సి 273 అనే క్వేజార్ (అలాంటి బిలం వల్ల వెలిగే గెలాక్సీ నడిబొడ్డు) మనకు రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉందని 1963లో మార్టెన్ ష్మిట్ వర్ణపటం చూసి తేల్చాడు. వెలుగునే వదలని బిలం దగ్గర్నుంచి అంత వెలుగెలా వస్తుంది? అదే చిక్కు.

పాలకొండ:
చుట్టు తిరుగు ధూళి సుడివడి రాపాడి
వేడి కెక్కి వెలుగు వెల్లువాయె
హద్దు దాటకుండ నద్దాని వెలుపలే
మింగునట్టి నోరె మింట వెలిగె

బొబ్బిలి: చు-సు యతి చెల్లుతుందా సార్?

మేష్టారు: చెల్లుతుంది, చ-సలకు మైత్రి ఉంది. రెండో పాదం బాగా కుదిరింది. వాయువు తిన్నగా పడిపోదు, వరదలో నాగావళి సుడిలా తిరుగుతూ లోపలికి జారేకొద్దీ పొరకి పొర రాసుకుని, పడే శక్తంతా వేడిగా మారి, లక్ష డిగ్రీల దాకా కాగి అతినీలలోహిత కాంతి కక్కుతుంది. నక్షత్రాల్లో హైడ్రోజన్ హీలియం అయితే ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది, ఇక్కడ తిరగని బిలం దగ్గరే సుమారు 6 శాతం, జోరుగా తిరిగేదైతే 40 దాకా పోవచ్చు. సరే గానీ, 'వెలుపలే' అని మీరే చెప్పి మళ్ళీ నోరే వెలిగిందంటే ఎలాగండీ? అతకలేదు.

ఆమదాలవలస: సైన్సు నాకు రాదు బాబూ, చిన్నికృష్ణుణ్ణి పట్టుకున్నాను.
మన్ను దింటివనుచు మాత గద్దింపగా
చిన్ని కృష్ణు డపుడు చెలువుమీర
తెరచినంత జగము తేజరిల్లగ నందు
మింగునట్టి నోరె మింట వెలిగె

మేష్టారు: నడక హాయిగా ఉందమ్మా. కానీ నోట్లో మిన్ను కనబడింది గాని, మింట నోరు వెలగలేదు కదా. పైగా షరతు తప్పారు.

బొబ్బిలి: నాదీ చూడండి.
తినెడు దాని చుట్టు తిరుగాడు పళ్ళెము
వెలిగె; దాని నడుమ వెలుగు లేదు
వెలుగు పళ్ళెమునకు, పేరేమొ నోటికా?
మింగునట్టి నోరె మింట వెలిగె?

పాలకొండ: ఒక్క ప్రశ్నార్థకంతో తప్పించుకున్నావేటి!

మేష్టారు: తప్పించుకోవడం కాదు, పూరణంటేనే అది. 2019లో వచ్చిన ఎం87 అనే గెలాక్సీ నడిమి బిలం బొమ్మలోనూ నడుమ నలుపే, చుట్టూ వెలుగు కడియం. 'వెలుగు' మాత్రం మరీ ఎక్కువసార్లు పడింది, ఒకటి మార్చు. జెట్టు ఊసే లేదు, అదొక లోటు. అదే ఎం87 నుంచి వేల కాంతి సంవత్సరాల పొడవున చిమ్మే ధార ఉంది, అందులో అయస్కాంత క్షేత్రం చుట్టూ మెలితిరిగే ఎలక్ట్రాన్లు రేడియో నుంచి ఎక్స్ కిరణాల దాకా వెలువరిస్తాయి. అది పళ్ళెం వేడి వల్ల వచ్చే కాంతి కానే కాదు, దానికి వేరే పద్యం కావాలి.

బొబ్బిలి: 'జెట్టు' ఆటవెలదిలో ఎక్కడ ఇరికించను సార్?

మేష్టారు: హగణమే కదా, సూర్యగణం ఉన్నచోటల్లా పడుతుంది. యతి చూసుకో.