పదో తరగతిలో ఇంటర్నల్ మార్కులు ఉండాలా, మూడు గంటల పరీక్షే చాలా?

కరీంనగర్ నాన్న:
తెలంగాణలో పదో తరగతికి పబ్లిక్ పరీక్ష 80 మార్కులకు, బడిలో వేసే ఇంటర్నల్స్ 20కి. 2024 నవంబరు చివర్లో ఆ 20 తీసేస్తున్నామన్నారు, మర్నాడే 2024-25కి పాత పద్ధతే అన్నారు. ఆంధ్రలో 2019లోనే తీసేశారు. మావాడు తొమ్మిదిలో ఉన్నాడు. అసలు ఏది మంచిది?

గోదారి గట్టు:
తీసేయడమే మంచిది. 2021లో కరోనా వల్ల పరీక్షలు లేక, తెలంగాణలో ఎఫ్ఏ-1 (బడిలోనే పెట్టి, బడే మార్కులు వేసే చిన్న పరీక్ష) మార్కులతో గ్రేడ్లు ఇచ్చారు. ఐదు లక్షల పైచిలుకు పిల్లల్లో రెండు లక్షల మందికి పైగా 10కి 10 జీపీఏ (సగటు గ్రేడు పాయింట్లు)! బడి చేతికి పెన్ను ఇస్తే ఇంతే.

సైన్స్ టీచరమ్మ:
కాదనను. 20కి 20 వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పక్క ప్రైవేటు బడిలో అందరికీ 20 వేస్తుంటే నా పిల్లలకు 14 వేసి వాళ్ల మార్కులు నేనే తగ్గించనా?

కానీ పరీక్షకు కనబడనిది చాలా ఉందండీ. మా క్లాసులో ఒకమ్మాయి ఉండేది. బల్బు వెలగకపోతే బ్యాటరీ దగ్గర్నుంచి ఒక్కో వైరూ తడిమి, ఎక్కడ తెగిందో పట్టేసేది. ఓమ్ నియమం మాత్రం పుస్తకంలో ఉన్నట్టు రాయలేకపోయేది. పబ్లిక్‌లో బొటాబొటిగా గట్టెక్కింది. అదే నియమాన్ని కామాలతో సహా అప్పజెప్పే అబ్బాయికి అమ్మీటరు ఎక్కడ కలపాలో తెలీదు, మార్కులు మాత్రం దండిగా వచ్చాయి. వాడి తప్పేముంది, అడిగిందే అది.

ఇంకోటి. జనవరి వచ్చిందంటే మా బడిలో పాఠాలుండవు. ప్రీఫైనళ్లు, స్పెషల్ క్లాసులు, వెనకబడ్డ పిల్లలకు పాసయ్యేటన్ని ప్రశ్నల బట్టీ. ల్యాబుకి తాళం.

కడప అమ్మ:
ప్రాజెక్టులు పిల్లలే చేస్తారనుకుంటున్నారా మీరంతా? రాత్రి పదకొండింటికి థర్మాకోల్ కోసింది నేను. మార్కులు మాత్రం వాడికి 😄

గోదారి గట్టు:
టీచరమ్మ గారూ, ఆ అమ్మాయికి అన్యాయమే జరిగింది. కానీ మా నాన్న కౌలు రైతు. మా బడిలో ఎవరి పిల్లాడికి ఎన్ని వేయాలో ఊరి పెద్దల ముఖం చూసి వేసేవాళ్లు. పదో తరగతి మార్కులు చూసి సీటిచ్చే నూజివీడు ట్రిపుల్ ఐటీలో నాకు సీటొచ్చిందంటే, స్పాట్ వాల్యుయేషన్‌లో నేనెవరో తెలియని మాస్టారు నా పేపరు దిద్దబట్టే.

సైన్స్ టీచరమ్మ:
మంచి మాట. మరి ఆ ట్రిపుల్ ఐటీ వాళ్లే సర్కారు బడి పిల్లలకు జీపీఏ మీద 0.4 కలిపి చూసేవాళ్లు కదా? మెమోలో ఒకే అంకె ఉన్నా ఇద్దరూ ఒకేలా చదవలేదని వాళ్లకూ తెలుసన్నమాట.

గోదారి గట్టు:
ఇది ఒప్పుకుంటాను. అది కూడా పరీక్ష మార్కుకు కలిపిందే కదా, పరీక్షను తీసేసి కాదు.

కరీంనగర్ నాన్న:
మరి మధ్యేమార్గం ఏమీ లేదా?

సైన్స్ టీచరమ్మ:
ఇంటర్‌లో లాగా ప్రాక్టికల్స్ పెట్టొచ్చు. పక్క మండలం టీచరు వచ్చి చూస్తారు, బల్బు వెలిగించమంటారు. నిర్వచనం అడగరు.

గోదారి గట్టు:
అమ్మా, ఇంటర్ ప్రాక్టికల్స్‌కి ఎగ్జామినర్‌గా మీరెప్పుడూ ప్రైవేటు కాలేజీకి వెళ్లినట్టు లేదు. మా బావ వెళ్లాడు. బల్బు సంగతి గుర్తులేదు గానీ, ఆ బిర్యానీ గురించి ఇప్పటికీ చెబుతాడు.